అంగడివీథిలో ఒక పాఠము

మా ఊరి పేరు కొంగరకలాన్. ఇబ్రహీంపట్నము మండలములోని ఈ గ్రామమునకు 2022లో రంగారెడ్డి జిల్లా కలెక్టరు కార్యాలయము వచ్చిన పిదప పేరు పత్రికలలో తరచుగా కనబడుచున్నది గాని, ఆ పేరునకు అర్థమేమని అడుగువారు అరుదు. తెలుగు తరగతిలో ఒకనాడు నేనే ఆ ప్రశ్న వేసితిని. కొంగ యని కొందరు, కొంగు అని కొందరు ఊహించిరి. 'కలాన్' వద్దకు వచ్చుసరికి అందరును నిలిచిపోయిరి. అది ఫారసీ మాట. పెద్దది యని దాని యర్థము. మా పొరుగుననే కొంగర ఖుర్ద్ అను మరియొక ఊరు కలదు. 'ఖుర్ద్' అనగా చిన్నది. పెద్ద కొంగర, చిన్న కొంగర అన్నమాట. తరతరములుగా ఆ మాటను పట్టా కాగితములలో వ్రాసికొనుచు, పెండ్లిపత్రికలలో అచ్చువేయించుకొనుచు, అది పరభాషయను తలంపే లేక బ్రదుకుచున్నాము.

మండలము పేరును అట్టిదే. తెలుగు కవులు మల్కిభరాముడని ప్రేమతో పిలుచుకొనిన ఇబ్రహీం కుతుబ్‌షా పేర వెలసిన పట్నమిది. 1550 మొదలు 1580 వరకు గోలకొండ నేలిన ఆ సుల్తానునకే అద్దంకి గంగాధరకవి తన 'తపతీ సంవరణోపాఖ్యానము'ను అంకితమిచ్చెను.

"మన ఊరి పేరులోని ఆ రెండవ భాష నేటికిని వీథిలో వినబడు చోటు గంట ప్రయాణములో నున్నది. ఒక ఆదివారము చార్మినారు వైపు పోయి వత్తుమా?" అని పిల్లల నడిగితిని.

"ఆడ ఏం జేస్తం సార్?" అన్నాడొకడు.

"తిందుము," అంటిని. తరగతి యంతయు నవ్వినది. ఒక బాలిక మాత్రము నవ్వలేదు. "ఆడ తిన్ననంటె మా నానమ్మ ఇంట్లకు రానియ్యది సార్," అన్నది.

ఆ మాట నన్ను గ్రుచ్చుకొన్నది. ముప్పదియైదేండ్ల క్రిందట నేనును ఆ మాటయే అనుకొంటిని. ఆమెవలె పైకి చెప్పు ధైర్యము లేక లోలోపల ననుకొంటిని. ఆ సంగతి తగినచోట చెప్పెదను.

తెలుగు పాఠము చెప్పవలసినవాడు పిల్లలను తినుటకు తీసికొనిపోవుటేమని పెద్దలు సందేహింపవచ్చును. మన సాహిత్యమే దీనికి దారి చూపినది. 'క్రీడాభిరామము'న మంచనశర్మయు టిట్టిభసెట్టియు ఓరుగంటి వీథులలో దినమెల్ల తిరుగుదురు. కనబడిన ప్రతిదానిని గూర్చియు ముచ్చటింతురు. నడుమ ఒక పూటకూటి యింట భోజనము చేయుదురు. ఆ నగరపు కోట యెంత బలమైనదో చరిత్రకారులు చెప్పగలరు. అచ్చట ఒక రూకకు విస్తరిలో ఏమేమి వడ్డించిరో కావ్యమే చెప్పినది. నేడు మొరాకో దేశమున ఫెజ్ నగరపు పాతపేటలో స్థానికులు యాత్రికులను వెంటబెట్టుకొని, ఇరుకు సందులలో ఒక్కొక్క అంగడి కడ నిలిపి, ఒక్కొక్క వంటకమును రుచి చూపుచు ఊరి చరిత్రను వినిపించుచున్నారు. ఆ పాతపేటను యునెస్కో సంస్థ 1981లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. మన హైదరాబాదును అదే సంస్థ 2019 అక్టోబరులో పాకకళకు పేరుగన్న సృజనాత్మక నగరముల కోవలో చేర్చినది. ఫెజ్ నగరమునకు పోలేని మేము చార్మినారునకు పోగలము గదా!

డిసెంబరు మాసపు ఆదివారమున, తెల్లవారకమునుపే ఇరువదియిద్దరము బయలుదేరితిమి. తినుమని ఎవ్వరిని బలవంతపెట్టననియు, చూచి వినిన చాలుననియు ముందే మాట యిచ్చితిని. నానమ్మ గల బాలికయు వచ్చెను. ఆమె చేతిలో బట్టలో చుట్టిన జొన్నరొట్టెల మూట యుండెను. "నేను ఇవే తింట," అని ముందే చెప్పి బండి యెక్కెను.

తుక్కుగూడ, పహాడీ షరీఫ్ దాటి బార్కస్ చేరితిమి. నిజాముల సైన్యములో కొలువునకై యెమెన్ దేశపు హద్రమౌత్ సీమ నుండి వచ్చిన అరబ్బులు నివసించిన పేట అది. సైనికుల 'బ్యారక్స్' అను మాట జనుల నోట నలిగి బార్కస్ అయినది. ఇచ్చటి జామపండ్లకు నగరమంతట పేరు కలదు. వేకువన అమ్మునది హరీస్. గోధుమలను మాంసముతో కలిపి గంటల తరబడి ఉడికించి, కఱ్ఱతో మెదిపి మెదిపి, గింజకును మాంసమునకును భేదము తెలియని ముద్దగా చేసి పైన నేయి పోయుదురు. కారముగలది యొకటి, తీపి గలది యొకటి.

అచ్చట మొదటి పాఠము జరిగినది. అరబ్బీలో 'హరస' అనగా దంచుట. దంచబడినది హరీస్. ఉత్తరాఫ్రికాలోని ట్యునీసియా దేశమున ఎండుమిరపకాయలను వెల్లుల్లితో నూరి నూనెలో భద్రపరచు కారమును 'హరిస్సా' యందురు. ధాతువు అదియే. ఒక దేశమున గోధుమను దంచిరి, ఒక దేశమున మిరపను దంచిరి. దంచుట యను పని మిగిలినది. ట్యునీసియా వారి హరిస్సా 2022లోను, అరబ్బు దేశముల హరీస్ 2023లోను యునెస్కో వారసత్వ జాబితాకెక్కినవి. హరీస్‌కు పప్పుదినుసులును మసాలాలును చేరి దక్కనులో హలీమ్ అయినది. రంజాను సాయంకాలముల హైదరాబాదు వీథులను నింపు ఆ హలీమ్‌నకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది.

"మా ఇంట్ల రోట్ల దంచిన కారం గూడ గదే గద సార్!" అన్నాడొక బాలుడు. నేను చెప్పదలచినదానిని వాడే చెప్పెను.

అచ్చటి నుండి ఫలక్‌నుమా మీదుగా షాలిబండ చేరు దారిలో లాల్ దర్వాజా పేరు వినబడగానే పిల్లలు బోనాల నెత్తుకొనిరి. ఆషాఢమున ఆడుపడుచులు వండిన అన్నము కుండను తలపై మోసికొని అమ్మవారి గుడికి నడతురు. బోనమనగా భోజనమే. ఆ మాటయే అరిగి అరిగి పండుగ పేరైనది. ఈ పాతనగరమున అన్నముతో నడచుట మేము క్రొత్తగా కనిపెట్టినది గాదని పిల్లలకు చెప్పితిని.

చార్మినారు కడ మాకు దారిచూపువాడు ఎదురయ్యెను. ఆ వీథులలోనే పుట్టి పెరిగిన యువకుడు. తెలుగును తడబడకుండ మాటలాడును. మొదట ఇరానీ చాయ త్రావించెను. చిక్కగా మరిగిన పాలొక పాత్రలోను, చాలసేపు మగ్గిన డికాక్షను వేరొక పాత్రలోను ఉండును. రెంటిని కప్పులోనే కలుపుదురు. గడచిన శతాబ్ది ఆరంభ దశాబ్దములలో ఇరాను నుండి బొంబాయి మీదుగా వచ్చి హోటళ్ళు పెట్టుకొనినవారి వలన ఈ పద్ధతి నిలిచినది. దానితోపాటు తినునది ఉస్మానియా బిస్కట్టు. తీపికిని ఉప్పునకును నడుమ ఎటును మొగ్గక నిలుచు రుచి దానిది. "ఇది తీపా, ఉప్పా?" అని పిల్లలు వాదులాడుకొనిరి. కప్పు లడుగంటెను గాని వాదము తెగలేదు.

1591లో వెలసిన చార్మినారునకు ఉత్తరముగా నాలుగడుగులు వేసిన నాలుగు కమానులు, వాని నడుమ గుల్జార్ హౌజ్ అను జలాశయము కలవు. ఆ కమానుల పరిసరములలో ఉదయమున దోసెల బండ్లు, ఇడ్లీల బండ్లు నిలుచును. వెన్న వేసి కాల్చిన దోసె కొరకు టోపీవాడును తిలకమువాడును ఒకే వరుసలో చేయి చాచుచుండిరి. మాలోని శాకాహారులు అచ్చట తృప్తి పడిరి. ప్రక్కనే నూనెలో చుట్టలు తిరుగుచున్న జిలేబి. ఆ పేరును ఊరకే విడువలేకపోతిని. అరబ్బీలో 'జలాబియా' యని దీని పేరు. ట్యునీసియా, అల్జీరియా అంగళ్ళలో రంజాను మాసమున నేటికిని 'జ్లాబియా' యని అమ్ముదురు. మా ఇబ్రహీంపట్నము జాతరలో తాటాకు పందిరి క్రింద మేము కొనుక్కొను జిలేబికి ఆఫ్రికాలో అక్కచెల్లెండ్రున్నారని తెలిసి పిల్లలు ఇంకొక్కటి చొప్పున తినిరి.

తూర్పునకు తిరిగి మీర్ ఆలం మండీలోనికి పోతిమి. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున నిజామునకు దివానుగా నుండిన మీర్ ఆలం పేరిట వెలసిన అంగడి. కూరగాయలు, ఆకుకూరలు, మసాలా దినుసులు రాసులు పోసియుండెను. ఒక బాలుడు పుంటికూర కట్టలను చూచి చటుక్కున ఆగెను. వాని తండ్రి అదే పంట వేయును. ధర అడిగెను, తండ్రికి పొలము కడ దక్కు ధరను మనస్సులో పోల్చుకొని మౌనముగా లేచెను. ఆ మౌనము కూడ పాఠములోనిదే. పాతనగరము మనకెంత దూరమో యని మేమనుకొనుచుండగా, మన పొలముల పంట ప్రతిదినము వేకువన అచ్చటికి పోయి, వారి కుండలలో ఉడుకుచున్నది.

ఎండుమిరప రాసి కడ నేనొక ప్రశ్న వేసితిని: "శ్రీనాథుడు ఏ కారము తినెను?" అందరు దిగ్భ్రమ చెందిరి. శ్రీనాథుడు మిరపకాయ నెరుగడు. అది అమెరికా ఖండమున పుట్టినది. పదునారవ శతాబ్దిలో పోర్చుగీసువారి ఓడలమీద మన తీరము చేరినది. మన పెద్దలు దానిని నోట వేసికొని, తమకు తెలిసిన మిరియమును తలచుకొని, మిరపయని పేరు పెట్టుకొనిరి. ఏది మనది, ఏది పరాయిది యని విస్తరిలో గీత గీయబూనినచో ముందుగా ఆవకాయ జాడీని వీథిలో పెట్టవలసి వచ్చును.

పురానీ హవేలీ వైపు నాన్ రొట్టెల దుకాణములు కలవు. వానిలో మున్షీ నాన్ దుకాణము 1851లో వెలసినదని ప్రసిద్ధి. నాలుగు మూలలు గల రొట్టె ఈ నగరపు ప్రత్యేకత. ఉదయమున దీనిని నిహారీతో తిందురు. అరబ్బీలో 'నహార్' అనగా పగలు. రాత్రియంతయు సన్నని సెగపై మగ్గి పొద్దు పొడుపునకు సిద్ధమగు పులుసు గనుక ఆ పేరు. రొట్టెకొక కథయు కలదు. మొదటి అసఫ్‌జా దక్కనునకు వచ్చుటకు ముందు ఒక సూఫీ గురువును దర్శింపబోగా, ఆయన కుల్చా రొట్టెలు పెట్టెననియు, అతడు ఏడు తినెననియు, అందుచే ఏడు తరములు రాజ్యమేలుదువని గురువు దీవించెననియు చెప్పుకొందురు. కథ నిజమైనను కాకున్నను, నిజాముల పసుపుపచ్చని జెండా నడుమ నుండిన గుండ్రని చిహ్నమును ఆ కుల్చాయే యని జనులు నమ్మిరి.

మేము ప్రవేశించినది ఒక చిన్న దుకాణము. నేలలో బావివలె దిగిన తందూరు. దాని యంచున కూర్చున్న పెద్దమనిషి పిండిని చేతితో చరచి, నిప్పుల బావిలోనికి వంగి లోగోడకు అంటించుచు, మరుక్షణమున ఇనుప చువ్వలతో కాలిన రొట్టెను పైకి తీయుచుండెను. మోచేతి వరకు వెండ్రుకలు కాలిపోయినవి. తెల్లవారుజామున మూడు గంటలకు పని మొదలిడునని మా మార్గదర్శి చెప్పెను. పిల్లలు ఫోనులు పైకెత్తిరి. "ముందు అడుగుడు," అంటిని. అడిగిరి. ఆయన తల యూపి, నుదుటి చెమట తుడుచుకొని, సరిగా కూర్చుండెను.

అప్పుడు నేననుకొనని పని జరిగినది. నానమ్మ గల బాలిక మూట విప్పి, ఒక జొన్నరొట్టె తీసి ఆయన ముందు పెట్టెను. ఎందుకు పెట్టెనో ఆమెకును తెలియదు. అంత రొట్టె చేయువానికి రొట్టెను చూపవలెనని తోచియుండును. ఆయన దానిని చేతిలో తిప్పి చూచి, "జవారీ కీ రోటీ!" అనెను. అంచు త్రుంచి నోట వేసికొని, తన దాదీ, అనగా నాయనమ్మ, ఇట్టి రొట్టెయే చేసెడిదని, నీళ్ళు చల్లి చేతితోనే తట్టెడిదని దక్కనీలో చెప్పెను. "మా నానమ్మ గూడ గట్లనె తడ్తది," అని బాలిక తెలుగులో బదులు చెప్పెను. ఒకరి మాట ఒకరికి ఎవరును అనువదింపలేదు; అవసరము కలుగలేదు. ఆయన వేడి నాన్‌లు రెండు కాగితములో చుట్టి యిచ్చెను. వెల తీసికొనలేదు. బాలిక వానిని తినలేదు. జొన్నరొట్టెల మూటలోనే పెట్టుకొనెను.

తిరిగి పత్తర్‌గట్టీ చేరితిమి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమున వేలాది ప్రాణములను బలిగొన్నది. ఆ ఉత్పాతము పిమ్మట 1912లో నగరాభివృద్ధి మండలి నేర్పరచి వీథులను తీర్చిదిద్దిరి. ఆ కృషిలో లేచినదే ఈ రాతి కమానుల వరుస. ఆ కమానులలో ఒకదాని కడ నేను ఆగితిని. చెప్పెదనన్న సంగతి చెప్పవలసిన చోటు అదియే.

1990లో నేను ఈ నగరమున ఎం.ఏ. చదువుచుంటిని. నా సహాధ్యాయి ఒకడు ఈ వీథి వెనుక సందులో నుండెడివాడు. రంజాను మాసమున ఒక సాయంకాలము తమ యింట భోజనమునకు రమ్మనెను. మాంసము మా యింట నిషిద్ధము కాదు. మావారికి నిషిద్ధమైనది ఆ యిల్లు. ఆ మాట చెప్పలేక, "బయట మాంసము తినను," అని తప్పించుకొంటిని. మరునాడు అతడు నవ్వుచు వచ్చి, "అమ్మ నీ కొరకు క్రొత్త కుండ కొన్నది. అందులో నీకు కూరగాయలే వండును," అనెను. వత్తునంటిని. ఆ సాయంకాలము ఈ కమాను క్రిందికి వచ్చితిని కూడ. మసీదు నుండి బాంగు వినబడినది. వీథిలోనివారందరును ఖర్జూరము నోట వేసికొనిరి. నేను పదినిమిషములు నిలిచి, వెనుకకు తిరిగి, బస్సెక్కితిని. మరునాడు జ్వరమని చెప్పితిని. అతడు నమ్మినట్లే కనబడెను.

ఆ యేడు డిసెంబరులో నగరమున మతకలహములు చెలరేగినవి; పాతనగరమున దినముల తరబడి కర్ఫ్యూ. అతడు చాలనాళ్ళు కళాశాలకు రాలేదు. వచ్చిన పిదపను మా నడుమ మాటలు తగ్గినవి. చదువు ముగిసిన వెంటనే గల్ఫు దేశమునకు పోయెనని వింటిని. ఆ కుండలో వండిన కూరను ఎవరు తినిరో నేటికిని నాకు తెలియదు. ఇన్నేండ్లుగా తరగతిలో మానవత్వమును గూర్చి ఎన్ని పద్యములు చెప్పితినో లెక్కలేదు. ఆ పది నిమిషములను మాత్రము చెప్పలేదు. ఆనాడు పిల్లల యెదుట చెప్పితిని.

వారు ఏమియు ననలేదు. కొంత తడవునకు ఒకడు, "ఇప్పుడు తింటరా సార్?" అని మెల్లగా అడిగెను.

మదీనా కూడలి కడ ఒక హోటలులో లుఖ్మీ తింటిని. చదరముగా మడచి వేయించిన పిండిలో కూరిన ఖీమా. అరబ్బీలో 'లుఖ్మా' అనగా ఒక్క ముద్ద, మన కబళము. ఇది సమోసాకు హైదరాబాదీ చెల్లెలు. ఆ సమోసాను మన దేశమున చూచి వ్రాసినవాడు ఉత్తరాఫ్రికావాడే కావడము విశేషము. మొరాకోలోని టాంజియరు నగరమున 1304లో పుట్టిన ఇబ్న్ బతూతా, 1333లో సింధునది చేరి ఢిల్లీ సుల్తాను కొలువున ఖాజీగా పని చేసెను. విందులో బాదము, పిస్తా, ఉల్లి కలిపిన ఖీమాను పలుచని పిండిలో చుట్టి నేతిలో వేయించి వడ్డించిరని తన యాత్రాగ్రంథమున వ్రాసెను. పరదేశి యొకడు పెట్టినది తిని, పేరు అడిగి, వ్రాసిపెట్టెను గనుక మనకు ఆనాటి విందు తెలిసినది. తినక వెనుదిరిగినవానికి వ్రాయుటకేముండును?

ఉపాధ్యాయ మిత్రులకు రెండు మాటలు. ఇట్టి యాత్రకు పెద్ద నగరమే కానక్కరలేదు. మీ ఊరి వారపు అంగడి చాలును. ముందుగా పిల్లలచేత తమ వంటయింటి మాటల జాబితా వ్రాయింపుడు. బాదము, పిస్తా, హల్వా, పలావు, మసాలా, షర్బతు: వీనికి పుట్టినిల్లేదో వెదకింపుడు. అంగడివారిని వింతవస్తువులుగా చూడవలదని, తినినదానికి బేరమాడవలదని, అడుగక పటము తీయవలదని చెప్పుడు. అన్నిటికంటె ముఖ్యముగా, తినననినవానిని పరిహసింపనీయకుడు. వాని వెనుక ఒక నానమ్మ యుండును; ఆమె వెనుక ఒక కాలము ఉండును. ఒక్క ఉదయమున అది కరగదు.

సోమవారమున తరగతికి పోగానే ఆ బాలికను, "నాన్‌లేమైనవి?" అని అడిగితిని.

"నానమ్మకు ఇచ్చిన సార్. ఎవలు చేసిన్రని అడిగింది. చెప్పిన. తినలే. కుక్కకు గూడ వెయ్యలే. ఉట్టిమీద పెట్టింది."

"తరువాత?"

"తెల్లారి చూస్తె ఒకటే ఉన్నది."